నెట్ మాటిమాటికీ పోతోందా? రూటర్ దగ్గర లోపం పట్టుకునే పద్ధతి

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. రూటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఏ సెట్టింగ్ మార్చాలని చాలామంది అడుగుతుంటారు. సెట్టింగ్ జోలికి వెళ్లకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. తెగుతున్నది మీ ఫోన్‌కీ రూటర్‌కీ మధ్యనా, రూటర్‌లోనా, రూటర్ దాటాక బయటి లైన్లోనా? మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, మరమ్మతులు మాత్రం వేరువేరు. బయటి ఫైబర్ తీగ నలిగిపోయి ఉంటే వైఫై ఛానెల్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు.

అందుకే ముందుగా ఒక నియమం పెట్టుకోండి: నెట్ పోయిన వెంటనే రూటర్ ఆపొద్దు. ఆపితే లైట్లు చెప్పే సంగతి, లాగ్‌లో (రూటర్ రాసుకునే చిట్టాలో) నమోదైనవి, రూటర్ ఎంతసేపటినుంచి నడుస్తోందన్న లెక్క అన్నీ చెరిగిపోతాయి. రెండు నిమిషాలు ఓపిక పట్టి కింది మొదటి మూడు అంచెలు పూర్తిచేయండి. సగం పని అక్కడే అయిపోతుంది.

కావలసినవి

- ఒక ల్యాప్‌టాప్. దానికి ల్యాన్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే రంధ్రం) లేకపోతే యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కు మార్చే అడాప్టర్.
- బాగా పనిచేస్తుందని తెలిసిన ల్యాన్ కేబుల్ ఒకటి. మీటరు, రెండు మీటర్ల పొడవు చాలు.
- రూటర్ సెట్టింగ్స్ పేజీ చిరునామా, పాస్‌వర్డ్. సాధారణంగా రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.
- మీ కనెక్షన్ లాగిన్ వివరాలు: పీపీపీఓఈ (కంపెనీ లైన్లోకి రూటర్ లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ వీల్యాన్ నంబర్ అని ఏదైనా ఇచ్చి ఉంటే అది కూడా. ఇవి చేతిలో లేకుండా రీసెట్ బటన్ ముట్టుకోవద్దు.
- ఫోన్‌లో వైఫై సిగ్నల్, ఛానెళ్లు చూపించే అనలైజర్ యాప్.
- కాగితం, పెన్ను. నెట్ పోయిన సమయం, అప్పుడు ఏ లైట్ ఏ రంగులో ఉందో రాసుకోవడానికి.

1. లైట్లు చూడండి, ఫోటో తీయండి

నెట్ పోయి ఉన్నప్పుడే చూడాలి, తిరిగొచ్చాక చూస్తే ఏమీ తెలియదు.

అన్ని లైట్లూ ఒక్కసారి ఆరి, ఒకటొకటిగా వెలుగుతున్నాయంటే రూటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతోంది. 4వ అంచెకు వెళ్లండి. ఫైబర్ బాక్సు (బయటి ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టె) మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైట్ ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుమంటున్నా కాంతి మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. పాన్ (కంపెనీ ఫైబర్ నెట్‌వర్క్) లైట్ స్థిరంగా ఉండక కొట్టుకుంటుంటే, కాంతి వస్తున్నా కంపెనీ వైపు పరికరంతో నమోదు పూర్తికావడం లేదు. ఈ రెండింటికీ 5వ అంచె. పాన్ బాగానే ఉండి ఇంటర్నెట్ లైట్ ఒక్కటే ఆరినా, ఎర్రబడినా లాగిన్ తెగింది, అది 6వ అంచె. ఏ లైటూ మారకపోతే వైఫైనో, డీఎన్‌ఎస్‌నో (సైటు పేరును నంబర్ చిరునామాగా మార్చే సేవ) అనుమానించాలి.

ఇంట్లో ఒక్క ఫోన్‌కో, ఒక్క ల్యాప్‌టాప్‌కో మాత్రమే నెట్ పోతుంటే రూటర్‌ను వదిలేసి నేరుగా 7వ అంచె చివరి భాగం చదవండి.

2. రెండు పింగ్‌లు పక్కపక్కన నడపండి

పింగ్ అంటే ఒక చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూడటం. ఈ వ్యవహారంలో దీన్ని మించిన పరీక్ష లేదు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్ ల్యాన్ పోర్ట్‌కు కలిపి వైఫై ఆపేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అనే వరుసలో ఒక నంబర్ కనిపిస్తుంది. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. అదే మీ రూటర్.

ఒక విండోలో పింగ్ (ping) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ రాసి, మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్, టీ అక్షరం చేర్చండి. ఆపమనేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంకో విండోలో అదే పని 8.8.8.8 కు (బయట ఉండే గూగుల్ సర్వర్) చేయండి. మ్యాక్, లినక్స్‌లలో హైఫన్ టీ అక్కర్లేదు. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగి, ఎన్ని వెళ్లాయో ఎన్ని పోయాయో లెక్క చూపిస్తుంది.

నెట్ పోయిన క్షణంలో ఆ రెండు విండోలూ ఇలా చెబుతాయి:

- రూటర్ పింగ్ ఆగకుండా వస్తూ, 8.8.8.8 మాత్రం ఆగిపోతే: తప్పు రూటర్ అవతల ఉంది, లేదా లాగిన్‌లో ఉంది.
- కేబుల్ మీద కూడా రెండూ ఆగిపోతే: రూటర్, దాని అడాప్టర్, లేదా మీరు పెట్టిన కేబుల్.
- రెండూ వస్తూనే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే: డీఎన్‌ఎస్.
- కేబుల్ మీద రెండూ నిక్షేపంగా ఉండి, వైఫై మీద చేస్తే రూటర్ పింగే ఆగిపోతుంటే: వైఫై.
- రూటర్ పింగ్ 1 మిల్లీసెకను దగ్గరే ఉండి, 8.8.8.8 పింగ్ 20 నుంచి 500కో 1000కో ఎగబాకుతుంటే: నెట్ తెగలేదు, లైన్ నిండిపోయింది. ఇది 8వ అంచె.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వైఫై మీద ఒక్క 8.8.8.8 పింగ్ మాత్రమే నడిపి, నెట్ కంపెనీదే తప్పని తేల్చేయడం. కేబుల్ మీద, రెండు పింగ్‌లతో చూడనిదే ఆ మాట అనలేం. అలాగే ఎప్పుడో ఒక పింగ్ పోతే కంగారు పడక్కర్లేదు. వరుసగా ఐదారు పోతేనే లెక్కలోకి తీసుకోండి.

3. అప్‌టైమ్ చూడండి

బ్రౌజర్‌లో గేట్‌వే నంబర్ కొట్టి సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లండి. స్టేటస్ లేదా సిస్టమ్ పేజీలో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి పరికరం ఎంతసేపటినుంచి నడుస్తోందన్నది, రెండోది ఇంటర్నెట్ కనెక్షన్ ఎంతసేపటినుంచి ఉందన్నది. నెట్ పోయి వచ్చాక మొదటి లెక్కే కొద్ది నిమిషాలు చూపిస్తే రూటర్ పడి లేచింది. మొదటిది రోజుల్లో ఉండి, రెండోది మాత్రం నిమిషాల్లో ఉంటే లైనో లాగినో తెగింది. రెండూ రోజుల్లోనే ఉంటే వైఫై దగ్గరో, డీఎన్‌ఎస్ దగ్గరో వెతకాలి. చాలా రూటర్లలో సిస్టమ్ లాగ్ కూడా ఉంటుంది, దాన్ని ఫైలుగా దించుకోండి. లాగ్‌లో గంట తప్పుగా కనిపిస్తే టైమ్ సెట్టింగ్ ముందే సరిచేయండి, లేకపోతే మీరు కాగితం మీద రాసుకున్న సమయాలతో పొంతన కుదరదు.

4. రూటర్ తనే పడిపోతుంటే

ముందుగా అనుమానించాల్సింది అడాప్టర్‌నే. పాతబడిన అడాప్టర్‌లో కెపాసిటర్లు బలహీనపడతాయి. పని తక్కువున్నంతసేపు రూటర్ నడుస్తుంది, నాలుగు వీడియోలు ఒకేసారి మొదలయ్యేసరికి వోల్టేజీ పడిపోయి అది రీస్టార్ట్ అవుతుంది. రాత్రి వాడకం పెరిగినప్పుడే పోతోందని చెప్పే చాలా ఇళ్లలో దోషి ఇదే.

మార్చేటప్పుడు మూడు చూడండి. వోల్టులు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి: 12 వోల్టులంటే 12, 9 అంటే 9. ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 1 ఆంపియర్ ఉన్నచోట 1.5 పెట్టొచ్చు, 0.6 పెట్టకూడదు. మూడోది పిన్ మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది, లేబుల్ మీద చిన్న బొమ్మగా ఉంటుంది. 9 వోల్టుల రూటర్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే రూటర్ కాలిపోవచ్చు, పిన్ సరిపోయింది కదా అని గుచ్చేయకండి.

అడాప్టర్‌ను వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఒక రోజు చూడండి. మోటారో ఫ్రిజ్జో మొదలైన క్షణంలోనే రూటర్ పడుతుంటే వోల్టేజీ తగ్గుదలే కారణం, రూటర్‌కు సరిపడే చిన్న యూపీఎస్ పెడితే ఆగుతుంది.

తర్వాత వేడి. చాలా ఇంటి రూటర్లు చుట్టూ గాలి 40 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్నప్పుడు పనిచేయడానికి తయారైనవి. టీవీ వెనక, మూసిన అరలో, సెట్ టాప్ బాక్సు మీద పెడితే ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. అన్ని వైపులా ఒక జానెడు ఖాళీ వదలండి, గాలి రంధ్రాల్లో దుమ్ము తుడవండి. అడాప్టర్ మార్చి, చల్లని చోట పెట్టాక కూడా పడిపోతుంటే, 10వ అంచెలో చెప్పిన ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒక్కటి ప్రయత్నించండి. అదీ పనిచేయకపోతే రూటర్ మార్చాల్సిందే.

5. బయటి లైన్

ఫైబర్ అయితే, బాక్సు నుంచి గోడదాకా ఉన్న సన్నటి తీగను కళ్లతో వెంబడించండి. తలుపు సందులో నలుగుతోందా, మేకుకు బిగించి కట్టారా, బల్ల కాలి కింద పడిందా? మిగిలిన తీగను చుట్టలు చుట్టితే ఆ చుట్ట అడ్డంగా 6 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గట్టిగా మడిస్తే లోపలి కాంతి ఆ వంపు దగ్గరే బయటికి జారిపోతుంది.

కాంతి ఎంత వస్తోందో సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ లేదా పాన్ సమాచారం కింద ఆర్ఎక్స్ పవర్ అని డీబీఎంలలో (సిగ్నల్ బలం కొలత; మైనస్ తర్వాతి అంకె పెద్దదయ్యేకొద్దీ బలం తక్కువ) చూపిస్తుంది. మామూలు ఫైబర్ (జీపాన్) బాక్సులు -8 నుంచి -27 వరకు తట్టుకునేలా తయారవుతాయి. -15, -20 దగ్గర ఉంటే నిశ్చింత. -25, -26 దగ్గరుంటే ఇవాళ నడిచినా ఏ చిన్న కదలికకైనా తెగిపోతుంది. -27 దాటిందంటే లైన్‌మన్ రావాల్సిందే. ఈ అంకె ఉదయం, సాయంత్రం రాసిపెట్టుకోండి. రెండు, మూడు డీబీ ఊగుతుంటే ఎక్కడో జాయింట్ వదులైందన్నమాట.

హెచ్చరిక: ఊడదీసిన ఫైబర్ కొనలోకి తొంగి చూడకండి. అందులోని లేజర్ కంటికి కనపడదు, కన్నును మాత్రం గాయపరచగలదు. కొనను వేలితో తాకినా, చొక్కాతో తుడిచినా మురికి అంటి సిగ్నల్ ఇంకా పడిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను ఆకుపచ్చ పోర్ట్‌లోనే పెట్టాలి. నీలం దానితో కలిపితే కొనల కోణాలు సరిపడవు.

ఫోన్ తీగ మీద వచ్చే డీఎస్‌ఎల్ అయితే, రూటర్ పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ (రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కు మిగిలిన బలం) 6 డెసిబెల్ కన్నా తగ్గితే లైన్ నిలవదు. ల్యాండ్‌లైన్ ఫోన్‌కు మైక్రోఫిల్టర్ (ఫోన్ మాటనూ నెట్ సిగ్నల్‌నూ వేరుచేసే చిన్న డబ్బా) ఉందో లేదో చూసి, అదనపు సాకెట్లన్నీ ఊడదీసి మళ్లీ పరీక్షించండి.

ఫైబర్ బాక్సు వేరు, రూటర్ వేరు అయితే ఆ రెంటినీ కలిపే కేబుల్‌ను చాలామంది మరిచిపోతారు. క్లిప్పు విరిగినది, గాలికి కదిలేది వెంటనే మార్చేయండి. గిగాబిట్ పోర్ట్ అయి ఉండి కూడా వేగం 100 అని చూపిస్తుంటే నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చు. 100 వేగానికి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి.

6. లాగిన్ తెగుతుంటే

వ్యాన్ (బయటి లైన్) సెట్టింగ్స్‌లో పీపీపీఓఈ ఉంటే కనెక్షన్ మోడ్ చూడండి. కనెక్ట్ ఆన్ డిమాండ్ అని ఉంటే, కాసేపు ఎవరూ వాడకపోతే రూటరే లైన్ వదిలేస్తుంది, మళ్లీ వాడబోయినప్పుడు తడుముకుంటుంది. దాన్ని ఆల్వేస్ ఆన్ లేదా ఆటో చేయండి. ఎంటీయూ (ఒక్కో డేటా ముక్క గరిష్ఠ పరిమాణం) 1492 ఉండాలి. 1500 పెట్టి ఉంటే కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి, అదీ నెట్ పోయినట్టే అనిపిస్తుంది.

పాత రూటర్, కొత్త రూటర్ రెండింట్లోనూ ఒకే యూజర్ నేమ్ పెట్టి ఉంచితే ఒకటి లాగిన్ అయినప్పుడు రెండోది తెగిపోవచ్చు. ఒకదాంట్లో తీసేయండి. ప్రతి 24 గంటలకు సరిగ్గా ఒకే సమయానికి ఒక్క నిమిషం తెగి వస్తుంటే, అది చాలావరకు కంపెనీ సర్వర్ సెషన్‌ను మార్చే సమయం. అది అర్ధరాత్రికి మారాలంటే ఆ వేళకు ఒకసారి మీరే రీకనెక్ట్ చేయండి, మర్నాటి నుంచి అదే సమయం కొనసాగుతుంది.

7. వైఫై తెగుతుంటే

ముందు రూటర్‌కు రెండు మీటర్ల దూరంలో కూర్చుని వాడి చూడండి. అక్కడ తెగకుండా, లోపలి గదిలో తెగుతుంటే అది దూరం సమస్య. అనలైజర్ యాప్‌లో ఆ గదిలో సిగ్నల్ -67 డీబీఎం లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే వీడియో కాల్‌కు సరిపోతుంది. -75 దాటితే ఇబ్బంది మొదలు, -80 దాటితే తెగడమే. రూటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి ఎత్తున పెట్టండి. ఇనుప బీరువాలు, నీళ్ల ట్యాంకు, అద్దాలు అడ్డం లేకుండా చూసుకోండి.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 1, 6, 11 లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. 3, 4, 8 లాంటివి ఖాళీగా కనిపించినా పెట్టొద్దు, అవి రెండు పక్కలవాళ్లతోనూ తగాదా పడతాయి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మైక్రోవేవ్ ఓవెన్ నడిచినప్పుడే తెగితే కారణం దొరికినట్టే, ఆ గదిలో 5 గిగాహెర్ట్జ్ వాడండి. రూటర్‌కు యూఎస్‌బీ 3.0 డిస్క్ తగిలించి ఉంటే దాన్ని తీసి చూడండి, దాని నుంచి వచ్చే రొద 2.4 మీద పడుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో ఒక మర్మం ఉంది. 52 నుంచి 144 వరకు ఛానెళ్లను రాడార్లు కూడా వాడుతుంటాయి. రాడార్ సంకేతం తగిలితే, అది పొరపాటున తగిలినట్టు అనిపించినా సరే, రూటర్ ఆ ఛానెల్ ఖాళీ చేయాలన్నది నియమం. కొత్త ఛానెల్ కూడా ఆ వరుసలోదే అయితే కనీసం 60 సెకన్లు విని చూశాకే మొదలుపెట్టాలి. రోజుకు రెండు మూడుసార్లు 5 గిగాహెర్ట్జ్ పేరే మాయమై, నిమిషం తర్వాత తిరిగొస్తోందా? ఆటో ఛానెల్ తీసేసి 36, 40, 44, 48 లలో ఒకటి పెట్టండి. వెడల్పు 160 ఉంటే 80కి తగ్గించండి, లేకపోతే ఆ వెడల్పు రాడార్ ఛానెళ్ల మీదికి పాకుతుంది.

రెండు బ్యాండ్లకు (2.4, 5 గిగాహెర్ట్జ్) ఒకే పేరు ఉండి, ఫోన్ వాటి మధ్య గంతులేస్తూ తెగుతుంటే కొన్నాళ్లు పేర్లు వేరు చేసి చూడండి. పాత పరికరాలు మాత్రమే తెగుతుంటే సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిశ్రమం నుంచి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మార్చండి. తాళం తీసేసి ఓపెన్‌గా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

ఒక్క ల్యాప్‌టాప్‌కే తెగుతుంటే: డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న టిక్ తీసేయండి, డ్రైవర్ కొత్తది వేయండి. ఒక్క ఫోన్‌కే తెగుతుంటే ఆ వైఫైను మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలపండి, బ్యాటరీ సేవర్ ఆపి చూడండి, వీపీఎన్ ఉంటే కాసేపు తీసేయండి. వైఫై నెమ్మదిస్తే మొబైల్ డేటాకు మారిపోయే సెట్టింగ్ కూడా తెగిన భ్రమ కలిగిస్తుంది.

8. లైన్ నిండిపోతుంటే

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా చచ్చుబడుతుంది, ఈ సంగతి చాలామంది ఊహించరు. కెమెరాల రికార్డింగ్ క్లౌడ్‌కు వెళ్లడం, ఫోన్ ఫోటోల బ్యాకప్, టొరెంట్ ప్రధాన కారణాలు. పింగ్ ఎగబాకినప్పుడు పరికరాలను ఒకటొకటిగా వైఫై నుంచి తీస్తూ పోతే ఏది తీశాక పింగ్ దిగిందో తెలిసిపోతుంది. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగం ఇవ్వాలో నిర్ణయించే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్ పరిమితిని మీకు వాస్తవంగా వచ్చే వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి.

9. డీఎన్‌ఎస్, రెండో రూటర్

డీఎన్‌ఎస్ తేలిక పని. రూటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే) సెట్టింగ్స్‌లో 1.1.1.1, 8.8.8.8 ఇచ్చి, ఫోన్ వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

రెండో రూటర్‌ను రేంజ్ కోసం పెట్టి ఉంటే జాగ్రత్తగా చూడండి. రెండూ 192.168.1.1 అయి, రెండూ అడ్రసులు పంచుతుంటే ఇల్లంతా అయోమయమే: కొన్ని పరికరాలకు నెట్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు, గంటకోసారి తారుమారవుతుంది. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని చిరునామా 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్‌ను దాని వ్యాన్ పోర్ట్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి.

10. ఫర్మ్‌వేర్, చివరగా రీసెట్

ఫర్మ్‌వేర్‌ను రూటర్ పేజీ నుంచో, తయారీదారు సైట్ నుంచో తీసుకోండి. మోడల్ పేరుతో పాటు స్టిక్కర్ మీది హార్డ్‌వేర్ వెర్షన్ కూడా కలవాలి. వీ2కి వీ3 ఫైలు వేస్తే రూటర్ లేవకపోవచ్చు. కేబుల్ మీదే చేయండి, పూర్తయ్యేదాకా కరెంటు తీయకండి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సుకు మీరు ఫర్మ్‌వేర్ వేయొద్దు, రీసెట్ కూడా చేయొద్దు. అందులో మీకు కనపడని నమోదు వివరాలుంటాయి, పోతే వాళ్లే వచ్చి పెట్టాలి.

మీ సొంత రూటర్‌కు రీసెట్ చేయాల్సి వస్తే ముందుగా వ్యాన్ పేజీ ఫోటో తీసుకోండి. రూటర్ ఆన్‌లో ఉండగా పిన్నుతో రీసెట్ రంధ్రంలో 10 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత పాత బ్యాకప్ ఫైలు ఎక్కించకుండా అన్నీ చేత్తో పెట్టండి, లేదంటే పాత తప్పు కూడా తిరిగొస్తుంది.

బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అడాప్టర్, ఛానెల్, డీఎన్‌ఎస్ అన్నీ ఒకేరోజు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్లీ పాడైతే మొదటికొస్తారు. ఇదివరకు గంటకోసారి తెగేదైతే ఒక పూట చూస్తే చాలు, రోజుకోసారి తెగేదైతే కనీసం మూడు రోజులు ఆగాలి.

ల్యాప్‌టాప్ నిద్రపోకుండా పెట్టి రెండు పింగ్‌లను 24 గంటలు నడపండి. సెకనుకు ఒకటి చొప్పున దాదాపు 86,000 వెళ్తాయి. కేబుల్ మీద రూటర్ పింగ్‌లో నష్టం సున్నా ఉండాలి. 8.8.8.8 లో అక్కడక్కడ ఒక్కొక్కటి పోయినా పర్వాలేదు, వరుస ఖాళీలు ఉండకూడదు. తర్వాత అప్‌టైమ్ లెక్కలు రెండూ 24 గంటలు దాటాయో లేదో చూడండి.

రూటర్ పింగ్ నిలబడి, బయటి పింగ్ ఇంకా తెగుతుంటే ఇక మీ చేతుల్లో లేదు, కంపెనీకి ఫిర్యాదు చేయండి. నెట్ రావట్లేదని మాత్రమే అంటే రీస్టార్ట్ చేయమని చెప్పి పెట్టేస్తారు. కేబుల్ మీద పరీక్షించానని, రూటర్ ఆగలేదని, ఏయే తేదీల్లో ఏయే సమయాల్లో ఎన్ని నిమిషాలు తెగిందో, అప్పుడు ఎల్‌ఓఎస్ ఎలా ఉందో, ఆర్ఎక్స్ పవర్ ఎంత ఉందో చెప్పి, లైట్ల ఫోటోలు పంపి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. లైన్‌మన్ వచ్చి వెళ్లేముందు ఆర్ఎక్స్ పవర్ మళ్లీ చూసి, పాత అంకె పక్కనే రాయండి.